టీస్పూను వేరు, ఇంట్లో స్పూను వేరు

మీరు అడిగింది ఇదీ: రెండేళ్ళ బాబుకి జ్వరమొస్తే డాక్టరు గారు సిరప్ "1 టీస్పూన్" చొప్పున వేయమన్నారు. ఇంట్లో చూస్తే నాలుగు రకాల స్పూన్లున్నాయి. "స్పూనంటే స్పూనే, ఏదైతే ఏంటి" అని మీ అత్తగారు అంటున్నారు. యూట్యూబ్‌లో చూసి కేకు చేద్దామంటే అక్కడేమో టీస్పూను, టేబుల్ స్పూను అని విడివిడిగా చెబుతున్నారు. అసలు తేడా ఉందా, ఉంటే ఎంత అని విజయవాడ పటమట నుంచి అడిగారు.

నేను గుంటూరు కొత్తపేటలో మందుల షాపులో ఫార్మసిస్టుని. ఈ సంగతి కౌంటర్ దగ్గర రోజూ ఎదురయ్యేదే. కాకపోతే అడిగి తెలుసుకునేవాళ్ళు తక్కువ, అడక్కుండా పోసేసేవాళ్ళు ఎక్కువ. మీరు అడిగారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. టీస్పూను అంటే ఒక కొలత, 5 మిల్లీలీటర్లు. టేబుల్ స్పూను ఇంకో కొలత, 15 మిల్లీలీటర్లు, అంటే మూడు టీస్పూన్లు. ఉత్త "స్పూను" అంటే మాత్రం కొలత కాదు, వస్తువు. గ్లాసెడు నీళ్ళు అంటే ఎన్ని అని ఎవరూ చెప్పలేనట్టే స్పూనెడు అంటే ఎంతో కూడా ఎవరూ చెప్పలేరు. పంచదార డబ్బాలో పడేసి ఉంచే స్పూను, పెరుగన్నం తినే స్పూను, పోపుల డబ్బాలో ఉండే బుల్లి స్పూను, ఎవరి గృహప్రవేశానికో వెళ్తే ఇచ్చిన సెట్టులోది, వీటిలో ఏదో ఒకటి సరిగ్గా 5 మి.లీ. పట్టొచ్చు. ఒక్కటి కూడా పట్టకపోనూవచ్చు.

ఇది నా ఊహ కాదు. గ్రీసు దేశంలో ఆటికా ప్రాంతంలో 25 మంది ఇళ్ళలో వాడే స్పూన్లు తెప్పించి కొలిచారు, ఆ వివరాలు 2010లో ప్రచురించారు. 71 టీస్పూన్లు కొలిస్తే అతి చిన్నది 2.5 మి.లీ. పట్టింది, అతి పెద్దది 7.3 మి.లీ. పట్టింది. రెండూ టీస్పూన్లే. టేబుల్ స్పూన్లయితే 6.7 నుంచి 13.4 మి.లీ. దాకా ఉన్నాయట, అంటే 15 పట్టాల్సినవాటిలో ఒక్కటి కూడా 15 పట్టలేదు. మన స్టీలు స్పూన్లు ఇంతకంటే బుద్ధిగా ఉంటాయని నేననుకోను. షాపులో రద్దీ లేనప్పుడు సిరంజితో నీళ్ళు పోసి చూస్తుంటాను. లోతు లేని స్పూను అయితే 3 మి.లీ. దాటేసరికే అంచు మీంచి కారిపోతుంది. లోతుగా ఉన్నది 5 పట్టినా, నీళ్ళు అంచు దాటి పైకి ఉబ్బి నిలబడతాయి. ఆ స్పూను పట్టుకుని నాలుగడుగులు వేస్తే అర మి.లీ. నేల మీదే. మరి వంటింట్లో పోసుకుని పడకగదిలో ఏడుస్తున్న పిల్లాడి దాకా తీసుకెళ్ళేసరికి స్పూనులో ఎంత మిగులుతుందో మీరే చెప్పండి.

అసలు ఈ టీ స్పూనుకీ మందుకీ లంకె ఎక్కడ పడిందని మీకు అనుమానం రావచ్చు. పూర్వం ఇంగ్లండులో టీ ఖరీదైన సరుకు. కప్పులు చిన్నవి, కలుపుకునే స్పూన్లూ చిన్నవే. అక్కడి మందుల తయారీదారులు ఒక టీస్పూనంటే ఒక డ్రాము అని లెక్క పెట్టుకున్నారు. అది ఇప్పటి లెక్కలో సుమారు మూడున్నర మి.లీ. టీ చవకయ్యేకొద్దీ కప్పులు పెరిగాయి, స్పూన్లూ పెరిగాయి, పాత లెక్క తప్పింది. చివరికి 5 మి.లీ. అని స్థిరపరిచారు. అంటే స్పూను చూసి మందు కొలవడం అప్పట్నుంచే కుదరని పని.

మన దగ్గర పాతకాలం కాంపౌండర్లకి ఈ సంగతి బాగా తెలుసు. డిస్పెన్సరీలో మిక్చరు పోసి ఇచ్చేటప్పుడు సీసా పక్కన ఒక కాయితం ముక్క అంటించేవాళ్ళు. కాయితాన్ని మడతపెట్టి కత్తెరతో గాట్లు పెట్టి, విప్పి అతికిస్తే సీసా పొడుగునా సమానంగా గుర్తులు వచ్చేవి. పూటకో గుర్తు చొప్పున తాగడమే. చదువు రానివాళ్ళు కూడా తప్పు లేకుండా వేసుకునేవాళ్ళు. పెద్దవాళ్ళ ఇళ్ళల్లో అడిగితే ఆ సీసాలు గుర్తున్నవాళ్ళు ఇంకా ఉంటారు.

ఇక బాబు విషయానికి వద్దాం. ఇక్కడ మాత్రం స్పూను ఊసే ఎత్తొద్దు. సిరప్‌తో పాటు ఒక చిన్న ప్లాస్టిక్ మూత వస్తుంది, దాని మీద 2.5, 5, 10 అని గీతలుంటాయి. అదైనా వాడండి, లేకపోతే ఏ మందుల షాపులోనైనా సూది లేని 5 మి.లీ. సిరంజి అడగండి, చాలా తక్కువ ధరకే వస్తుంది. ఈ వయసు పిల్లలకి నా ఓటు సిరంజికే. మూతతో రెండు చిక్కులు. చేత్తో పైకెత్తి పట్టుకుని పైనుంచి చూస్తాం, గీత ఒకచోట ఉంటే మందు ఇంకోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. టేబుల్ మీద పెట్టి, వంగి, కంటికి ఎదురుగా చూసి పోయాలి. రెండో చిక్కు, సిరప్ చిక్కగా ఉంటుంది కాబట్టి మూత గోడలకి పట్టుకుని కొంత అక్కడే మిగిలిపోతుంది.

సిరంజితో అయితే ముందు మందు చిన్న గిన్నెలో పోసుకుని, అందులోంచి పైకి లాగండి. గాలి బుడగ వస్తే సిరంజి నిలువుగా పట్టుకుని బయటికి తోసి, మళ్ళీ లాగండి. లోపల నల్ల రబ్బరుకి సిరంజి మొన వైపు ఉన్న అంచు ఏ గీత దగ్గర ఉందో అదే కొలత. బాబుని కాస్త కూర్చోబెట్టి, బుగ్గ లోపలి వైపుకి కొంచెం కొంచెంగా వదలండి. గొంతులోకి సూటిగా కొట్టకండి, పొలమారుతుంది. ఇంకో మాట, సిరంజి ముందు చిన్న మూత ఉంటే వాడేముందే తీసి చెత్తబుట్టలో పడేయండి. అది పిల్లల గొంతులో ఇరుక్కునే అవకాశం ఉంది.

ఉగ్గుగిన్నెతో వేయొచ్చా అని కొందరు అడుగుతారు. తాగించడానికి శుభ్రంగా వాడుకోవచ్చు, కొలవడానికి పనికిరాదు. సిరంజితో కొలిచి, ఉగ్గుగిన్నెలో పోసి పట్టండి. చివర్లో రెండు చుక్కల నీళ్ళు పోసి తిప్పి, అవి కూడా పట్టించండి.

ఇంత పట్టింపు ఎందుకంటే చెబుతాను. పిల్లల జ్వరానికి ఎక్కువగా రాసేది పారాసెటమాల్. దాని మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. మామూలుగా ఒక్కో డోసుకి కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లాడికి 100 నుంచి 150 మిల్లీగ్రాములన్నమాట. ఇప్పుడు చూడండి. ఒక సీసాలో 5 మి.లీ.కి 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. దానిదే ఇంకో రకంలో, పేరు పక్కన "డీఎస్" అనో "250" అనో ఉండేదాంట్లో, అదే 5 మి.లీ.కి 250 ఉంటుంది. నెలల పిల్లలకిచ్చే డ్రాప్స్‌లో ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. రంగులు దాదాపు ఒకటే, పళ్ళ వాసనా ఒకటే. మొదటిది ఆ పిల్లాడికి 4 నుంచి 6 మి.లీ. దాకా, రెండోది 2 నుంచి 3 దాకా, డ్రాప్స్ అయితే 1 నుంచి 1.5 దాకా సరిపోతుంది. డ్రాప్స్ సీసా తీసి "టీస్పూనే కదా" అని 5 మి.లీ. పోస్తే ఒక్క పూటకే 500 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తుంది. పెద్దవాళ్ళు వేసుకునే మాత్ర అంత. అది లివర్ మీద పడుతుంది.

అందుకని "టీస్పూను ఎంత" అన్నదాంతో పాటు "ఏ సీసా" అన్నది కూడా చూసుకోవాలి. చీటీ మీద ఉత్త టీస్పూన్ అని ఉంటే షాపులోనే అడిగి, ఎన్ని మి.లీ. అన్నది పెన్నుతో అట్టపెట్టె మీద రాయించుకోండి. అనుమానంగా ఉంటే డాక్టరు గారికే ఫోన్ చేయండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు గడవాలి, రోజు మొత్తంలో నాలుగుసార్లు మించకూడదు. ఆ పెట్టె మీదే వేసిన టైము కూడా రాసుకుంటే అమ్మ ఒకసారి, తెలియక నానమ్మ ఒకసారి వేసే గొడవ ఉండదు. మన ఇళ్ళల్లో పిల్లలకి జ్వరమొస్తే చేతులు ఎక్కువ కదా.

చేతిరాత తంటా ఇంకొకటి. ఇంగ్లీషులో టీస్పూనుకీ టేబుల్ స్పూనుకీ రాసే పొట్టి పేర్లలో తేడా మధ్యలో ఒక్క "బి" అక్షరమే. కొందరు చిన్న టి అక్షరం రాస్తే టీస్పూను, పెద్ద టి రాస్తే టేబుల్ స్పూను అని వాడతారు. హడావుడిలో చదివితే ఒకటికి మూడింతలైపోతుంది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2015లోనే ఈ స్పూన్ల గోల వదిలేసి చీటీల మీద మి.లీ. మాత్రమే రాయాలని చెప్పింది. మన దగ్గర కూడా చాలామంది పిల్లల డాక్టర్లు "5 మి.లీ." అనే రాస్తున్నారు. మీ చీటీలో టీస్పూన్ అని ఉంది కాబట్టి ఇదంతా చెప్పాల్సి వచ్చింది.

యాంటీబయాటిక్ పొడి సీసాలు వస్తాయి చూడండి, నీళ్ళు కలుపుకునేవి. స్పూను తేడా ఎక్కడైనా ఇట్టే బయటపడుతుందంటే అక్కడే. 30 మి.లీ. సీసా, పూటకి 5 మి.లీ., రోజుకి రెండుసార్లు అంటే లెక్క ప్రకారం మూడు రోజులు రావాలి. రెండో రోజు సాయంత్రానికే "సీసా అయిపోయింది, ఇంకోటి ఇవ్వండి" అని వస్తారు. ఏ స్పూనుతో పోస్తున్నారమ్మా అంటే అన్నం తినే స్పూను అంటారు. 7 మి.లీ. చొప్పున పోస్తే నాలుగు పూటలకే సీసా ఖాళీ. ఇంకొందరికి మూడు రోజులైనా సగం సీసా మిగిలే ఉంటుంది, వాళ్ళది పోపుల డబ్బా స్పూను. జ్వరం తగ్గలేదని మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఆయన మందు మారుస్తారు. మందు తప్పేం లేదు అక్కడ. ఈ పొడి కలిపేటప్పుడు నీళ్ళు కూడా స్పూన్లతో కాదు. కాచి చల్లార్చిన నీళ్ళు సీసా మీద గీతకి కొంచెం తక్కువగా పోసి, బాగా కుదిపి, నురగ తగ్గాక మళ్ళీ గీత దాకా పోయాలి. వేసే ప్రతిసారీ కుదపాలి, లేకపోతే మందు అడుక్కి దిగి, మొదటి డోసులు పలచగా, చివరివి చిక్కగా వస్తాయి.

మన ఎండల్లో స్పూను ప్రమాదకరమైన ఇంకో చోటు ఉంది, ఓఆర్ఎస్. మే నెలలో బెజవాడ ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. విరేచనాలు పట్టుకున్న పిల్లలకి ప్యాకెట్టులోంచి "రెండు స్పూన్లు" తీసి గ్లాసు నీళ్ళలో కలిపి తాగిస్తారు. ఆ పద్ధతి పూర్తిగా తప్పు. 20.5 గ్రాముల పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒకేసారి ఒక లీటరు నీళ్ళలో కలపాలి. లీటరు మంచినీళ్ళ సీసా ఉంటే అదే కొలత. చిన్న ప్యాకెట్టైతే దాని మీద 200 మి.లీ. అని ఉంటుంది, అన్ని నీళ్ళలోనే కలపాలి. కలిపింది 24 గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. ప్యాకెట్టు దొరకని చోట ఇంట్లో చేసుకునే లెక్క ఒకటుంది: లీటరు శుభ్రమైన నీళ్ళకి తలకొట్టిన 6 టీస్పూన్ల పంచదార, తలకొట్టిన అర టీస్పూను ఉప్పు. ఇక్కడ తలకొట్టడం చాలా ముఖ్యం. గోపురంలా తీసిన స్పూనుకీ, చాకు వీపుతో గీసి సమం చేసిన స్పూనుకీ ఒక్కోసారి రెట్టింపు దాకా తేడా వస్తుంది. అన్నం స్పూనుతో గోపురంగా ఉప్పు తీసి సగం వేసినా చెప్పినదానికి రెండింతలు దాటుతుంది. ఉప్పెక్కువైన నీళ్ళు చిన్నపిల్లలకి మేలు చేయకపోగా ప్రాణం మీదికి తెస్తాయి. పిల్లాడికి పట్టేముందు మీరొక గుక్క తాగి చూడండి, కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి బీపీ ఉన్నవాళ్ళ సంగతీ చెప్పేస్తాను. మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మెత్తటి ప్యాకెట్టు ఉప్పు తలకొట్టిన టీస్పూనుకి దాదాపు 6 గ్రాములు తూగుతుంది. అంటే టీస్పూను కంటే కొంచెం తక్కువే. అందులోనే కూర, పప్పు, చారు, మజ్జిగ, అప్పడం, ఊరగాయ, ఊరమిరపకాయ అన్నీ వచ్చేయాలి. స్పూన్లతో లెక్కేసుకుంటూ కూర్చోవడం ఎవరి వల్లా కాదు. దానికి నేను చెప్పే చిట్కా వేరే ఉంది. నలుగురున్న ఇంట్లో రోజుకి 20 గ్రాములు, కిలో ప్యాకెట్టు యాభై రోజులు రావాలి. కొత్త ప్యాకెట్టు విప్పిన రోజు తారీఖు దాని మీద రాసి పెట్టండి. నెలలోపే అయిపోతే వంటింట్లో ఏం జరుగుతోందో తెలుస్తుంది. పచ్చళ్ళు బయట కొంటే వాటి ఉప్పు ఈ లెక్కలోకి రాదు, అది అదనం.

ఇప్పుడు వంట. ఇక్కడ మాత్రం మీ అత్తగారి మాటే కరెక్టు, స్పూనంటే స్పూనే. ఆవిడకి ఆవిడ పోపుల డబ్బాలో స్పూను ఎంత పడుతుందో చేతికి తెలుసు. కూరలో పసుపు అర స్పూను కాస్తా ముప్పావు అయినంత మాత్రాన కొంప మునగదు. రుచి చూసి సరిదిద్దుకునే అవకాశం ఉన్న చోట కొలత గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఆవకాయ కూడా అంతే. ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ఒకటికి కొంచెం వెలితిగా అని మా ఇంట్లో లెక్క, మీ ఇంట్లో ఇంకోలా ఉండొచ్చు. గిన్నె గిద్దైనా సోలైనా అన్నీ దాంతోనే కొలుస్తాం కాబట్టి పాళ్ళు చెడవు, పచ్చడి చెడదు.

పాళ్ళ పద్ధతిలో చిక్కు ఎక్కడొస్తుందంటే సరుకు మారినప్పుడు. అమ్మమ్మల లెక్క కళ్ళుప్పు మీద కట్టింది. చినగంజాం వైపు కొటారుల నుంచి వచ్చే గళ్ళ ఉప్పు ఎండబెట్టి, కచ్చాపచ్చాగా దంచి వేసేవాళ్ళు. పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి గిన్నెడు కళ్ళుప్పు కంటే అదే గిన్నెడు మెత్తటి ఉప్పు బరువెక్కువ. పాత లెక్క పట్టుకుని కొత్త ఉప్పు పోస్తే పచ్చడి ఉప్పు కశం. భయపడి మరీ తగ్గిస్తే వానాకాలానికి బూజు. ఉప్పు ఒక్కటీ కాటాలో తూచుకోవడం మేలు.

కారానిదీ అదే కథ, ఇంకాస్త ఘాటుగా. తేజ రకం కారం టీస్పూను, బాడిగ రకం కారం టీస్పూను రెండూ 5 మి.లీ.లే. ఒకటి కళ్ళమ్మట నీళ్ళు తెప్పిస్తుంది, రెండోది రంగు ఇచ్చి ఊరుకుంటుంది. అమెరికా వాళ్ళ వంటల్లో "రెండు టేబుల్ స్పూన్ల చిల్లీ పౌడర్" అని ఉంటే నమ్మి మిర్చి యార్డు సరుకు వేసేయకండి. వాళ్ళు ఆ పేరుతో అమ్మేది ఉత్త కారం కాదు, జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఒరెగానో లాంటివి కలిపిన మసాలా. మన గుంటూరు కారం అయితే టీస్పూనుతో మొదలుపెట్టి రుచి చూడండి.

కేకు దగ్గరికొస్తే మళ్ళీ మందుల షాపు పద్ధతే. ఓవెన్‌లో పెట్టాక రుచి చూసి సరిదిద్దేది లేదు. మైదా, పంచదార కాస్త అటూ ఇటూ అయినా తినగలం. సోడా, బేకింగ్ పౌడర్ దగ్గరే జాగ్రత్త. కప్పు మైదాకి బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, లేదా సోడా అయితే పావు టీస్పూను దరిదాపుల్లో ఉంటుంది, ఎందుకంటే సోడాకి శక్తి మూడు నాలుగింతలు ఎక్కువ. ఒకటనుకుని ఇంకోటి వేసినా, టీస్పూనుకి బదులు టేబుల్ స్పూను వేసినా కేకు ముందు పొంగి, తర్వాత మధ్యలో కుంగుతుంది, సబ్బు వాసన వేస్తుంది. పునుగుల పిండిలో సోడా ఎక్కువైతే నూనె ఎలా పీలుస్తాయో మీకు తెలిసే ఉంటుంది. పొడులు ఏవైనా స్పూను నిండా తీసి, అదిమిపెట్టకుండా, చాకు వీపుతో గీసేయండి.

కప్పు విషయంలో కూడా ఒక మెలిక. అమెరికా వంటల్లో కప్పంటే సుమారు 240 మి.లీ., ఆస్ట్రేలియాలో 250, జపానులో 200. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మి.లీ. మాత్రమే. చాలామంది "కప్పు" అనగానే దాన్నే తీస్తారు, మైదా తక్కువై కేకు జారుగా వస్తుంది. అన్నిటికీ అదే కప్పు వాడితే పాళ్ళు కుదురుతాయి కదా అనొచ్చు. కానీ స్పూన్లతో వేసేవి, గుడ్లు మారవు కదా, అక్కడ లెక్క తప్పుతుంది. ఇంకోటి, మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉన్న మన తెలుగువాళ్ళు పెట్టే వీడియోలు చూసి చేసేట్టయితే గుర్తుంచుకోండి, ఆస్ట్రేలియా టేబుల్ స్పూను 15 కాదు, 20 మి.లీ. నాలుగు టీస్పూన్లు. టీస్పూను మాత్రం అక్కడా ఇక్కడా అయిదే.

ఆయుర్వేదం మందుల మీద "ఒక చెంచా" అని ఉంటే లేబుల్ మీద గ్రాములు గానీ, మి.లీ. గానీ ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి, వెతకండి. చూర్ణాలు టీస్పూనుకి 5 గ్రాములు తూగవు, తేలిగ్గా ఉంటాయి. పసుపే తీసుకోండి, టీస్పూనుకి సుమారు 3 గ్రాములే. నీళ్ళు 5 గ్రాములు, పంచదార 4 చిల్లర, తేనె 7 దాకా తూగుతుంది. కాబట్టి "5 మి.లీ." అన్నదాన్ని "5 గ్రాములు" అని చదువుకోకండి. ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళకి ఒక మాట: పురుగుమందు కొలిచిన మూత గానీ, స్పూను గానీ ఎంత కడిగినా ఇంట్లోకి తేవద్దు.

ఇన్నిటికీ కలిపి మీరు కొనాల్సింది రెండే వస్తువులు, బాబుకి సిరంజి, వంటింటికి కొలత స్పూన్ల సెట్టు. సెట్టు మీ వైపు వన్‌టౌన్ స్టీలు సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, మా గుంటూరులో అయితే పట్నం బజారులో. టేబుల్ స్పూను, టీస్పూను, అర, పావు అని నాలుగు ఉంటాయి. కాడ మీద మి.లీ. అంకె చెక్కి ఉన్నదే తీసుకోండి. అచ్చు వేసిన అంకెలు తోమగా తోమగా చెరిగిపోతాయి, ఆర్నెల్లకి ఏది ఏదో తెలియదు. లోతుగా, అంచు చదునుగా ఉన్నవి మేలు, తలకొట్టడానికి వీలుగా ఉంటాయి. చవక సెట్లలో కొలత తేడా ఉన్నవీ వస్తాయి. షాపులోనే సీసాలో నీళ్ళు తీసి టీస్పూనుతో మూడుసార్లు టేబుల్ స్పూనులో పోసి చూడండి. అంచు దాకా వచ్చి ఆగితే సగం పరీక్ష అయినట్టే, మిగతా సగం ఇంటికెళ్ళి సిరంజితో 5 మి.లీ. నీళ్ళు టీస్పూనులో పోసి చూసుకోవడం. మూడోది పోయకముందే పొంగిపోయినా, మూడు పోసినా వెలితిగా ఉన్నా ఇంకో సెట్టు చూపించమనండి.